ఆవగింజంత ముక్క, వారం రోజుల పని

పోయిన వేసవిలో ఆరు వారాలు ఒక ఆసుపత్రి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ చేశాను. మొదటిరోజు అక్కడి సీనియర్ టెక్నాలజిస్ట్ మేడమ్ నా చేతిలో ఒక చిన్న గాజు సీసా పెట్టి, "లోపల ఏముందో చూడమ్మా" అన్నారు. లైటుకి ఎదురుగా పట్టుకుని చూశాను. నీళ్ళలాంటి ద్రవం, అడుగున ఆవగింజంత ముక్కలు మూడు.

"అది ఒక మనిషి కిడ్నీ. పారబోస్తే మళ్ళీ ఇమ్మని అడగలేం" అని సీసా జాగ్రత్తగా వెనక్కి తీసుకున్నారు.

మాది శ్రీకాకుళం జిల్లా. ఉద్దానం మా ఊరికి దూరమేమీ కాదు. కిడ్నీ అనే మాట మా ఇళ్ళల్లో పాఠంలో కంటే ముందు డయాలసిస్ కబుర్లలోనే వినిపిస్తుంది. అక్కడి జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అందుకే బయోటెక్నాలజీలో చేరాక కిడ్నీ బయాప్సీ ఉన్న ల్యాబే వెతుక్కుని వెళ్ళాను. నేను చెప్పబోయే కేసు ఉద్దానానిది కాదు, వేరే జబ్బు. కానీ మనిషి ఒంట్లోంచి తీసిన ముక్క తెర మీద బొమ్మగా ఎలా మారుతుందో, మధ్యలో ఎక్కడెక్కడ చెడిపోతుందో ఆ కేసుతోనే నేర్చుకున్నాను. మెకానికల్ వాళ్ళూ, ఈసీఈ వాళ్ళూ భయపడక్కర్లేదు. ఇందులో బయాలజీ కంటే ఇంజనీరింగే ఎక్కువ.

వెలుతురు ఎందుకు చాలదు

మామూలు మైక్రోస్కోప్ ఎంత మంచిదైనా సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడివిడిగా చూపలేదు. అది లెన్సు తప్పు కాదు. మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యమే 400 నుంచి 700 నానోమీటర్లు. బొంత సూదితో జరీ పని చేయలేం కదా!

ఎలక్ట్రాన్‌కి కూడా తరంగదైర్ఘ్యం ఉంటుంది. 80 కిలోవోల్టులతో తరిమితే అది దాదాపు 0.004 నానోమీటర్లు. ఎలక్ట్రాన్లని అయస్కాంత కాయిల్స్‌తో వంచి లెన్సులా వాడుకోవచ్చని బెర్లిన్‌లో ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ 1931లో చేసి చూపించారు. రుస్కాకి ఆ పనికి నోబెల్ వచ్చింది 1986లో. యాభై అయిదేళ్ళు! సప్లీ రిజల్ట్స్ లేటయ్యాయని మనం గోల పెడతాం.

అయితే ఎలక్ట్రాన్‌కి మూడు పేచీలున్నాయి. ఒకటి, గాలి తగిలితే చెదిరిపోతుంది, కాబట్టి యంత్రం లోపల వాక్యూమ్ ఉండాలి. తడిగా ఉన్న కణజాలాన్ని వాక్యూమ్‌లో పెడితే అందులోని నీళ్ళు అక్కడికక్కడే ఆవిరై అంతా చిందరవందర అవుతుంది. రెండు, ముక్క 100 నానోమీటర్ల లోపు పలుచగా ఉంటే తప్ప అవతలికి సరిగ్గా దూరదు. మూడు, మన ఒంట్లో ఉన్నదంతా ఎక్కువగా కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్. ఇవన్నీ తేలిక మూలకాలు. ఎలక్ట్రాన్లని పెద్దగా చెదరగొట్టవు, కాబట్టి బొమ్మలో నలుపూ తెలుపూ తేడా రాదు.

ల్యాబ్‌లో వారం రోజులు చేసే పనంతా ఈ మూడు పేచీలకి జవాబే. నీళ్ళు తీసేయాలి, పలుచగా కోయాలి, బరువైన లోహం పట్టించాలి. ఇంత చేసినా ముక్క మాత్రం ఒంట్లో ఉన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి.

సూది నుంచి సీసా దాకా

కిడ్నీ బయాప్సీ అంటే వీపు వైపు నుంచి అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూది గుచ్చి, సేమ్యా పోగులాంటి సన్నటి ముక్క తీయడం. ఆ పోగుని మూడు భాగాలు చేస్తారు. ఒకటి ఫార్మలిన్‌లోకి, మామూలు మైక్రోస్కోప్ కోసం. ఇంకొకటి ఇమ్యునోఫ్లోరోసెన్స్ పరీక్షకి. మూడోది, అన్నిటికంటే చిన్నది, మా సీసాలోకి.

ఒంట్లోంచి బయటికొచ్చిన నిమిషం నుంచే కణాలు పాడవడం మొదలవుతుంది. రక్తం ఆగిపోతుంది, మైటోకాండ్రియాలు ఉబ్బుతాయి, కణంలోని ఎంజైములు సొంత ఇంటినే తినడం మొదలెడతాయి. కాబట్టి ముక్కని ఆరనివ్వకుండా వెంటనే 2.5 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో వేయాలి. దీన్ని ఉత్త నీళ్ళలో కలపకూడదు. 7.2 నుంచి 7.4 మధ్య పీహెచ్ ఉన్న బఫర్‌లో కలపాలి.

ముక్క 1 మిల్లీమీటరుకి మించకూడదని మేడమ్ మొదటిరోజే చెప్పారు. నాకు అతిజాగ్రత్త అనిపించింది. కారణం ఏమిటంటే గ్లూటరాల్డిహైడ్ కణజాలంలోకి చాలా నెమ్మదిగా ఇంకుతుంది. పెద్ద ముక్క వేస్తే పైన గట్టిపడి, అది చేరేలోపే నడిమధ్య కుళ్ళిపోతుంది. పెద్ద మంట మీద వేసిన గారె చూశారుగా, పైన ఎర్రగా, లోపల పిండి!

పలాడే ఊరగాయ

గ్లూటరాల్డిహైడ్ అణువుకి రెండు చివర్లా రెండు ఆల్డిహైడ్ చేతులుంటాయి. ఒక చేత్తో ఒక ప్రోటీన్‌ని, ఇంకో చేత్తో పక్క ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. అలా కణమంతా వలలా బిగుసుకుపోతుంది. దీన్ని ఈ పనికి 1963లో సబాటినీ, బెన్ష్, బార్నెట్ అనే ముగ్గురు పరిచయం చేశారు.

కానీ అది కొవ్వుని పట్టుకోలేదు. కణం పొరలన్నీ కొవ్వుతో చేసినవే. తర్వాత వచ్చే ఆల్కహాల్ ఆ కొవ్వుని కడిగేస్తుంది. అందుకే బఫర్‌తో కడిగాక 1 శాతం ఆస్మియం టెట్రాక్సైడ్‌లో ఒకటి రెండు గంటలు ఉంచుతారు. ఆస్మియం కొవ్వుని పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. ఆస్మియం బరువైన లోహం కాబట్టి మూడో పేచీకి కూడా సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. లేత రంగు ముక్క సీసాలోంచి బొగ్గులా నల్లగా బయటికొస్తుంది.

ఆస్మియాన్ని ముందు నుంచీ వాడేవారు. అయితే అది పనిచేస్తున్నప్పుడు కణజాలం ఆమ్లంగా మారి నిర్మాణం చెడుతోందని గమనించి, దానికి బఫర్ కలపాలని 1952లో చెప్పినాయన జార్జ్ పలాడే. అప్పటి ల్యాబుల్లో ఆ ద్రావణాన్ని సరదాగా 'పలాడే ఊరగాయ' అనేవారట. 1974లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు.

ఈ ఊరగాయ మాత్రం మనిషిని కూడా ఊరేస్తుంది. ఆస్మియం ఆవిరి కంటికి తగిలితే కంటిపొరని కూడా అలాగే ఫిక్స్ చేస్తుంది. గ్లవ్స్ వేసుకోవాలి, పొగగూడు లోపలే పని చేయాలి. ఇందులో రాజీ లేదు.

తడి గరిటె

ఇక నీళ్ళు తీయాలి. నా తప్పు జరిగింది ఇక్కడే.

ఇంటర్న్‌లకి పేషెంట్ శాంపిల్ ఇవ్వరు. మేడమ్ నన్ను మటన్ కొట్టుకి పంపి మేక కిడ్నీ తెప్పించారు. "కోసి ఎంతసేపైందో ఏమో, ఫోటోకి పనికిరాదు. నీ చేతికి పనికొస్తుంది" అన్నారు. ఫిక్సింగ్, ఆస్మియం దాకా బాగానే చేశాను.

తర్వాత ఆల్కహాల్ మెట్లు: 50, 70, 80, 90, 95, చివరికి 100 శాతం. ఒక్కసారే 100లోకి దింపితే నీళ్ళు గబుక్కున బయటికొచ్చి ముక్క ముడుచుకుపోతుంది. కాబట్టి మెట్టుకి పది పదిహేను నిమిషాలు. 100 శాతం మెట్టులో మాత్రం రెండు మూడుసార్లు కొత్త ఆల్కహాల్ మార్చాలి. తర్వాత ప్రొపిలీన్ ఆక్సైడ్. ఆల్కహాల్‌కీ ఎపాక్సీ రెజిన్‌కీ అంతగా పొసగదు, దీనికి ఇద్దరితోనూ స్నేహమే. పెళ్ళిళ్ళ పేరయ్యలాంటిదన్నమాట.

ఆరోజు తొలకరి వాన. కిటికీ దగ్గర నిలబడి ఫోన్‌లో అమ్మతో మాట్లాడుతూ 100 శాతం ఆల్కహాల్ సీసా మూత పెట్టడం మర్చిపోయాను. ఎంతసేపు? అరగంట ఉంటుందేమో. తర్వాత అదే సీసా వాడాను. సగం ప్రొపిలీన్ ఆక్సైడ్, సగం రెజిన్ కలిపిన దాంట్లో ఉంచాను, తర్వాత రాత్రంతా అచ్చం రెజిన్‌లో, ఆపైన అచ్చుల్లో పోసి 60 డిగ్రీల ఓవెన్‌లో 48 గంటలు. అంతా పుస్తకంలో ఉన్నట్టే.

బయటికి తీసి చూస్తే బ్లాక్ బయట గట్టిగానే ఉంది. కత్తి మీదికి తీసుకెళ్ళాక తెలిసింది అసలు సంగతి. రెజిన్ తెగింది, ముక్క ఉన్నచోట చిల్లు. మళ్ళీ కోశాను. మళ్ళీ చిల్లే. 100 శాతం ఆల్కహాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఆ తేమ ముక్కలో ఉండిపోయింది. నీళ్ళున్నచోటికి రెజిన్ పోలేదు, పోనిచోట గట్టిపడలేదు.

మేడమ్ తిట్టలేదు. "మీ ఇంట్లో ఆవకాయ జాడీలో తడి గరిటె పెడతారా?" అని అడిగారు.

"లేదు మేడమ్."

"మరి ఇక్కడెందుకు పెట్టావు?"

నేను నీళ్ళు నమిలాను. "మేక కాబట్టి సరిపోయింది" అని ఆవిడ తన పనిలోకి వెళ్ళిపోయారు. ఆ రాత్రి హాస్టల్లో నాకు ఆ చిల్లే కనబడింది.

రంగు చూసి మందం చెప్పడం

అల్ట్రామైక్రోటోమ్ అంటే హల్వా కోసే కత్తికి దూరపు చుట్టం. బ్లాక్ పట్టుకున్న చెయ్యి పైకీ కిందికీ కదులుతుంది. ఒక్కో దెబ్బకి సుమారు 70 నానోమీటర్లు ముందుకి జరుగుతుంది. ఆ లెక్కన 1 మిల్లీమీటరు ముక్కలోంచి 14 వేల పైచిలుకు పొరలొస్తాయి.

స్టీలు కత్తి అంత పదునుగా ఉండదు. పగలగొట్టిన గాజు అంచు ఉంటుంది! గాజు పలకని గీసి, విరిచి, త్రికోణాలు చేసి కత్తులు తయారుచేసుకోవచ్చని 1950లో లట్టా, హార్ట్‌మన్ చూపించారు. వాటి పదును ఎక్కువసేపు నిలవదు, అప్పటికప్పుడు చేసుకోవాలి. చివరి కోతకి వజ్రపు కత్తి వాడతారు. కత్తి వెనక చిన్న తొట్టి, దాన్నిండా నీళ్ళు. తెగిన పొరలు ఒకదాని వెనక ఒకటి రిబ్బన్‌లా నీటి మీద తేలతాయి.

మందం ఎలా కొలుస్తారు? కంటితోనే! సబ్బు బుడగ మీద రంగులొచ్చినట్టు, పొర పైనుంచీ కిందినుంచీ తిరిగొచ్చే కాంతి కలిసి రంగు పుడుతుంది. బూడిద రంగైతే 60 నానోమీటర్ల లోపు, వెండి రంగు 60 నుంచి 90, బంగారు రంగు 90 నుంచి 150, ఊదా వస్తే ఇంకా మందం. మాకు కావలసింది వెండి. జీవితంలో బంగారం వద్దు, వెండి చాలనుకున్న సందర్భం నాకు ఇదొక్కటే.

తేలే పొరల్ని జరపడానికి ఏ పరికరం వాడతారో చెప్తే నమ్మరు. పుల్ల చివర అంటించిన కనురెప్ప వెంట్రుక! అంత మెత్తగా, సన్నగా, కొస తేలి ఉండేది ఇంకోటి లేదట. దానితో పొరల్ని కూడగట్టి 3 మిల్లీమీటర్ల రాగి జల్లెడ మీదికి ఎత్తుతారు. దాన్ని గ్రిడ్ అంటారు.

మూడో బ్లాక్

నాలుగో వారంలో ఒక అబ్బాయి శాంపిల్ వచ్చింది. పేరు మాకు తెలియదు, నంబరే. బడికెళ్ళే వయసు. మూత్రంలో రక్తం పోతోంది, తల్లికీ కొద్దిగా ఉంది. డాక్టర్లు అడిగిన ప్రశ్న స్పష్టంగా ఉంది. ఇది పలుచని పొర జబ్బా, ఆల్పోర్ట్ సిండ్రోమా?

టెన్త్‌లో రక్తకేశనాళికా గుచ్ఛం బొమ్మ గీశాం గుర్తుందా? అదే గ్లోమెరులస్. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షలుంటాయి. రక్తాన్ని వడగట్టే గుడ్డలాంటి పొర అందులో ఉంటుంది. పెద్దవాళ్ళలో దాని మందం 300 నుంచి 400 నానోమీటర్లు. పొర పలుచగా, సమంగా ఉంటే చాలామందికి పెద్ద ప్రమాదం ఉండదు. ఆల్పోర్ట్ అయితే పొర కొన్నిచోట్ల పలుచగా, కొన్నిచోట్ల మందంగా, పాయలు పాయలుగా చీలి బుట్ట అల్లికలా కనిపిస్తుంది. కాలక్రమంలో కిడ్నీలు దెబ్బతింటాయి, వినికిడి కూడా తగ్గుతుంది. మామూలు మైక్రోస్కోప్‌లో రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా తేల్చేది మా గది.

మేడమ్ మూడు బ్లాకులు చేశారు. అసలు కోతకి ముందు 1 మైక్రాన్ మందం పొర తీసి టొలూడిన్ బ్లూ వేసి, గ్లోమెరులస్ ఎక్కడుందో మామూలు మైక్రోస్కోప్‌లో వెతకాలి. మొదటి బ్లాక్‌లో అన్నీ నాళికలే. ఒక్క గ్లోమెరులస్ లేదు. రెండో దాంట్లో ఒకటుంది, కానీ మచ్చగా మారి గట్టిపడిపోయింది. దాంతో ఏమీ చెప్పలేం.

నాకు తెలిసినట్టు అన్నాను, "ఫార్మలిన్ ముక్క ఉంది కదా మేడమ్, మైనంలోంచి తీసి మళ్ళీ చేయొచ్చు కదా?"

"చేయొచ్చు. కానీ అలా చేస్తే పొర అసలు కన్నా పలుచగా కనిపిస్తుంది. వీళ్ళు అడిగిందే పొర మందం. తప్పు జవాబు ఇద్దామా?"

ఇక మూడోదే దిక్కు. గ్లోమెరులస్ వ్యాసం సుమారు 200 మైక్రాన్లు. చూసుకోకుండా కోసుకుంటూ పోతే దాన్ని దాటి వెళ్ళిపోతాం, తెగింది తిరిగి రాదు. మేడమ్ కొద్దికొద్దిగా కోయడం, రంగు వేయడం, చూడడం, మళ్ళీ కోయడం. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. ఏసీ గాలి తగిలినా కోత అదురుతుందని ఆపేశాం. నాలుగు దాటాక అంచున నీలంగా ఒక గుండ్రటి గుత్తి. ఒక్కటే. బాగుంది.

మేడమ్ ఏమీ అనలేదు. చుట్టూ ఉన్న అక్కర్లేని భాగమంతా బ్లేడుతో చెక్కి, ఆ గుత్తి ఒక్కటే మిగిలేలా పైభాగం చేసి, వజ్రపు కత్తి బిగించారు. వెండి రంగు పొరలు తేలాయి.

ఊపిరి బిగబట్టి

చివరిది రంగు వేయడం. ఇక్కడ రంగంటే లోహమే. ముందు యురనిల్ ఎసిటేట్, వెలుతురు తగలకుండా. తర్వాత లెడ్ సిట్రేట్, 1963లో రెనాల్డ్స్ ఇచ్చిన పద్ధతి. యురేనియం, సీసం ఒక్కో భాగానికి ఒక్కో మోతాదులో పట్టుకుంటాయి. పట్టినచోట ఎలక్ట్రాన్లు చెదిరి బొమ్మలో నలుపు వస్తుంది.

లెడ్ సిట్రేట్‌కి శత్రువు కార్బన్ డయాక్సైడ్. అది తగిలితే లెడ్ కార్బనేట్ గింజలు పుట్టి, బొమ్మంతా నల్ల చుక్కలు. అందుకే మరిగించి చల్లార్చిన డిస్టిల్డ్ వాటర్ వాడాలి. మూత ఉన్న పెట్రీ డిష్‌లో చుక్కల చుట్టూ సోడియం హైడ్రాక్సైడ్ బిళ్ళలు పేర్చాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని అవి పీల్చేస్తాయి. మన ఊపిరి కూడా చుక్కల మీద పడకూడదు.

"డిష్ నువ్వు సర్దు" అన్నారు మేడమ్.

నేను కదల్లేదు. "నేనా? ఆ అబ్బాయిదా?"

"మొన్న బ్లాక్ పాడుచేసింది నువ్వే కదా. మూతల సంగతి ఇక్కడ నీకన్నా బాగా ఎవరికి తెలుసు?"

బిళ్ళలు పేర్చాను. చుక్కలు వేశాను. మూత కొద్దిగా ఎత్తి, ముఖం పక్కకి తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, గ్రిడ్‌ని చుక్క మీద బోర్లించాను. కథల్లో 'ఊపిరి బిగబట్టి' అని చదివినప్పుడల్లా మాటవరసకి రాస్తారనుకునేదాన్ని.

తెర మీద

మర్నాడు పెథాలజిస్ట్ డాక్టర్ గారు వచ్చి కూర్చున్నారు. తెర మీద గ్లోమెరులస్ తెరుచుకుంది. ఒక్క నల్ల చుక్క లేదు. పొర కనిపించింది. ఒకచోట సన్నగా, పక్కనే లావుగా, పాయలు పాయలుగా. పాయల మధ్య చిన్న చిన్న చుక్కలు. బుట్ట అల్లికే. నేను ఆ వారంలో చూసిన అన్నిటికంటే శుభ్రమైన బొమ్మ అది. నాకు తెలియకుండానే నవ్వాను.

పక్కకి చూస్తే మేడమ్ నవ్వడం లేదు. డాక్టర్ గారు మెల్లగా, "ఆల్పోర్టే" అని, నోట్స్ రాసుకుని, ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళారు.

అప్పుడు నాకు తట్టింది, మేం వెతికి పట్టుకున్నది ఒక పిల్లాడి జబ్బుని. తర్వాత మేడమ్‌ని అడిగాను, ఇలా తేలడం వల్ల ఉపయోగం ఏంటని. ఆవిడ చెప్పారు: పనికిరాని స్టెరాయిడ్లు వాడకుండా ఆపొచ్చు. కిడ్నీలు పాడవడాన్ని నెమ్మదింపజేసే బీపీ మాత్రలు త్వరగా మొదలుపెట్టొచ్చు. చెవులూ కళ్ళూ పరీక్ష చేయించొచ్చు. తల్లినీ, తోబుట్టువుల్నీ చూడొచ్చు. రేపు ఎప్పుడో కిడ్నీ మార్చాల్సొస్తే, తల్లి ఇవ్వొచ్చా లేదా అన్నది ముందే ఆలోచించొచ్చు. "తెలియకపోతే ఇవేవీ జరగవు. అంతే" అన్నారు.

ఇలాంటి ల్యాబ్‌కి వెళ్ళబోయేవాళ్ళకి

నేను నోట్‌బుక్ వెనక అట్ట మీద రాసుకున్నవి ఇవి:

ముక్క చిన్నది, ఒక్క క్షణం కూడా ఆరనివ్వొద్దు.
సీసా మీద నంబరు ముందు రాయి, ముక్క తర్వాత వేయి.
ఆస్మియం దగ్గర ధైర్యం పనికిరాదు.
మూత పెట్టు. ఫోన్ తర్వాత.
ఓవెన్‌లో 48 గంటలంటే 40 కాదు.
బూడిద, వెండి, బంగారం. రంగు చూశాకే గ్రిడ్.
కోసే ముందు ఒకసారి చూడు. తెగింది అతకదు.
సీసం దగ్గర ఊపిరి పీల్చకు.

ఇంటర్న్‌షిప్ ఆఖరిరోజు మేడమ్ నా మేక బ్లాక్‌ని, అదే చిల్లు బ్లాక్‌ని, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇచ్చారు. ఇప్పుడది నా హాస్టల్ టేబుల్ మీద ఉంది. పసుపు రంగు రెజిన్, మధ్యలో నల్లటి చుక్క. రూమ్మేట్ అడిగితే కిడ్నీ అని చెప్తాను, నమ్మదు. ల్యాబ్‌లో సీసా తీసిన ప్రతిసారీ మూత ఎడమచేతిలోనే పట్టుకుంటున్నాను.